మాక్బెత్ ఎక్కడ మారాడు? ముందు ఆ మొగుడూపెళ్లాల మాటలు వినండి

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. మీ కాలేజీ బృందం షేక్స్పియర్ రాసిన మాక్బెత్‌ని గంటన్నర తెలుగు నాటకంగా వేస్తోంది. భార్య ఉసిగొల్పితే ఒక సేనాని తన రాజుని చంపి సింహాసనమెక్కే కథ అది. రిహార్సల్ చూడ్డానికొచ్చిన ఒక పెద్దాయన "మీ హీరో మొదటి సీన్లో ఎలా ఉన్నాడో చివరి సీన్లోనూ అలాగే ఉన్నాడు, పాత్రలో మార్పేదయ్యా?" అన్నారు, అప్పట్నుంచి మీకు నిద్ర పట్టట్లేదు. ఏ అంకంలో ఎంత మార్పు చూపించాలో చెప్పమని అడిగారు. నిద్ర పట్టకపోవడం మాత్రం ఈ నాటకానికి మంచి శకునమే, కంగారు పడకండి.

నేను పాతికేళ్లుగా పరిషత్తు నాటకాలు వేస్తున్నాను. దీన్ని రెండుసార్లు చేయించాను, మొదటిసారి చెడగొట్టాను. అప్పుడు మా మాక్బెత్ మంచి గొంతున్నవాడు, మనిషి కూడా నిలువెత్తు. తెర లేచిన దగ్గర్నుంచీ కనుబొమలు ముడేసి, మీసం మెలేసి, మంత్రగత్తెలు "నువ్వు రాజువవుతావు" అనగానే పళ్లు పటపటలాడించాడు. చప్పట్లే చప్పట్లు. ఆఖరికి ఉత్తమ ప్రతినాయకుడి బహుమతి కూడా అతనికే ఇచ్చారు. షీల్డు పట్టుకుని బస్సెక్కాక నాకు తట్టింది, ఈ నాటకంలో ప్రతినాయకుడి బహుమతి వచ్చిందంటే మనం తప్పాం అని. ఎందుకంటే ఇతను నాయకుడు. అతనితో పాటు మనం కూడా ఆ కోటలోకి నడిచి వెళ్లాలి, దారిలో ఎక్కడో "ఇక నేను రాను" అని మనం ఆగిపోవాలి. మొదటి నిమిషంలోనే ఆగిపోతే ఇక చూడ్డానికేముంది?

"మంచివాడు చెడ్డవాడయ్యాడు" అనే లెక్కతో వెళ్తే ఈ పాత్ర దొరకదు. అతను స్టేజీ మీదికి రాకముందే, మొదటి అంకం రెండో సీన్లో, ఒళ్లంతా నెత్తురోడుతున్న సైనికాధికారి ఒకడు వచ్చి రాజుగారికి యుద్ధం సంగతి చెప్తాడు. మాక్బెత్ ఆ తిరుగుబాటుదారు మాక్డొన్వాల్డ్‌ని బొడ్డు దగ్గర్నుంచి దవడ దాకా చీల్చేసి, తల తీసి కోట గోడ మీద పెట్టాడంటాడు. విన్న డంకన్ రాజు మురిసిపోతాడు. అంటే చంపడం ఇతనికి కొత్త కాదు, అది అతని ఉద్యోగం. మరి అలాంటివాడు నిద్రపోతున్న ఒక ముసలాయన్ని చంపడానికి ఎందుకంత వణికిపోతాడు? ఆ వణుకే ఈ పాత్రకి ప్రాణం. అది ఉన్నంతసేపూ అతను మనవాడు.

ఇబ్బందేమిటంటే, వణుకు కొంచెం కొంచెంగా తగ్గిపోతోందని నటుడు ఒంటరిగా నిలబడి చూపించలేడు. చూపించబోతే మొహం మాత్రమే మారుతుంది, మేకప్ మార్చినట్టు. మనిషి మారాడని మనకి ఎప్పుడు తెలుస్తుంది? నిన్నటిదాకా అన్నీ చెప్పుకున్న మనిషికి ఇవాళ చెప్పడం మానేసినప్పుడు. అందుకే నా సలహా: ఏ అంకంలో ఎంత శాతం అనే లెక్క పక్కన పెట్టి, ఆ భార్యాభర్తలిద్దరూ ఏకాంతంగా మాట్లాడుకునే చోట్లు వెతకండి. నాటకం మొత్తంలో ఐదే ఉన్నాయి: మొదటి అంకంలో రెండు, రెండో అంకంలో హత్య రాత్రి ఒకటి, మూడో అంకంలో రెండు. నాలుగో అంకంలో ఆవిడ అసలు కనబడదు. ఐదో అంకంలో కనబడుతుంది కానీ నిద్రలో నడుస్తూ, భర్త ఊళ్లో లేనప్పుడు. ఈ ఐదు సీన్లూ మీవాళ్ల చేతికి వస్తే పాత్రల మార్పు దానంతటదే వచ్చేస్తుంది. రాకపోతే మీరెన్ని లైట్లు మార్చినా రాదు.

ఆవిడ ఎంట్రీయే ఉత్తరం చదువుతూ. యుద్ధభూమి నుంచి మొగుడు రాసిన ఉత్తరం. మంత్రగత్తెలు కనబడ్డారు, కాడర్ జమీ నాకు వస్తుందన్నారు, అన్నట్టే వచ్చింది, రాజువి కూడా అవుతావన్నారు, ఈ సంతోషంలో నీ వాటా నీకు ఆలస్యం కాకూడదని రాస్తున్నాను అంటాడు. ఆవిణ్ణి సంబోధించే మాట, మన మాటల్లో చెప్పాలంటే, "నా గొప్పతనంలో సగపాలు దానివి". అతను ఇంటికి చేరేదాకా కూడా ఆగలేకపోయాడు చూడండి. ఇంత దగ్గరితనం ఉన్న దంపతులు విషాద నాటకాల్లో అరుదు. మీ మాక్బెత్ పాత్రధారికి ఆ ఉత్తరం ఒకసారి కూర్చుని స్వయంగా తన చేత్తో రాయమనండి. రాస్తే పళ్లు పటపటలాడించడం దానంతటదే తగ్గుతుంది.

ఉత్తరం చదివాక ఆవిడ అనుకునేది కూడా గమనించండి. మా ఆయన మెతక మనిషి, కోరిక ఉంది కానీ దానికి కావలసిన క్రూరత్వం లేదు, అడ్డదారి తొక్కకుండానే అన్నీ దక్కాలంటాడు అని. అంటే భర్త లోపల ఏముందో ఆవిడకి అక్షరం పొల్లుపోకుండా తెలుసు. తన లోపల ఏముందో మాత్రం తెలీదు. "నాలో ఆడతనాన్ని తీసేయండి, కాలి బొటనవేలి దాకా క్రౌర్యం నింపండి" అని దెయ్యాల్ని పిలుస్తుంది, చిమ్మచీకటిని కమ్ముకోమంటుంది. చాలామంది నటీమణులు ఇక్కడ పూనకం వచ్చినట్టు ఊగిపోతారు. నాకు అది తప్పనిపిస్తుంది. క్రౌర్యం సొంతంగా ఉన్నవాళ్లు దాన్ని ఎరువు అడగరు. తనలో లేదని ఎక్కడో తెలుసు కాబట్టే అడుగుతోంది. ఈ ఒక్క ముక్క మీ అమ్మాయికి అర్థమైతే ఐదో అంకం కోసం విడిగా ఏమీ చేయక్కర్లేదు.

రెండోది భోజనాల రాత్రి. లోపల రాజుగారు తింటున్నారు, ఇంటాయన పంక్తి మధ్యలో లేచి బయటికొచ్చేశాడు. మన పెళ్లిళ్లలో ఇలా చేస్తే ఎంత గొడవో ఆలోచించండి, అదే టెన్షన్ ఇక్కడ కావాలి. బయట నిలబడి లెక్కలు వేసుకుంటాడు: ఆయన నాకు బంధువు, నా రాజు, పైగా ఇవాళ నా అతిథి, హంతకుడొస్తే తలుపు వేయాల్సినవాణ్ణి నేను, అలాంటిది కత్తి నేనే పట్టుకోవడమేమిటి, అదీగాక మంచి రాజు. ఇటువైపు ఏముంది అని చూసుకుంటే ఉత్త ఆశ తప్ప ఇంకేమీ లేదు. చూశారా, ఎంత స్పష్టంగా ఆలోచిస్తున్నాడో. భార్య రాగానే "ఈ పని ఇంతటితో ఆపేద్దాం" అని తేల్చి చెప్పేస్తాడు కూడా. అయిపోయింది, నాటకం ఇక్కడ ఆగిపోవచ్చు.

ఆవిడ దాన్ని తిప్పేస్తుంది. మహా అయితే నలభై, యాభై లైన్లు. నీతి చెప్పదు, లాభం చెప్పదు, నువ్వు మగాడివేనా అంటుంది. "మగాడికి తగినదంతా చేయగల ధైర్యం నాకుంది, అంతకు మించి చేసేవాడు మనిషే కాదు" అంటాడతను. దీన్ని బాగా పలికించండి, నాటకం చివర్లో ఇది మళ్లీ అవసరమవుతుంది. అప్పుడావిడ, నేను పాలిచ్చినదాన్ని, ఆ ప్రేమేంటో నాకు తెలుసు, అయినా నీలాగా మాటిచ్చి ఉంటే పాలు తాగుతూ నవ్వుతున్న బిడ్డని లాగి నేలకేసి కొట్టేదాన్ని అంటుంది. మాకు రెండుసార్లూ ప్రేక్షకుల్లోంచి "అమ్మో" అని వినపడింది. అతనికి మాత్రం నోట మాట రాదు, తర్వాత అడిగేది ఒక్కటే, "మరి తప్పిపోతే?". ఒప్పేసుకున్నాడన్నమాట. "చేయొద్దు" అన్నవాడు "దొరికిపోతామేమో" అనేవాడయ్యాడు. మీరు వెతుకుతున్న మార్పు ఇదిగో, ఇంత చిన్న మాటలో ఉంది. దీని మీద మ్యూజిక్ వేయకండి, పొరపాటున కూడా.

గాల్లో కత్తి కనబడే సీన్ గురించి ఏం చెప్పను, అది ప్రతి నటుడికీ ఇష్టమే, మీవాడు ఇప్పటికే అద్దం ముందు చేసుకుంటూ ఉంటాడు.

హత్య రాత్రి సీన్ మాత్రం రోజుకోసారి రిహార్సల్ చేయండి. హత్య మనకి చూపించరు. అతను గదిలోంచి బయటికొస్తాడు, ఆవిడ బయట కాసుకుని ఉంటుంది. ఒక్కొక్క ముక్క మాట: "నువ్వేనా మాట్లాడింది?" "ఎప్పుడు?" "ఇప్పుడే." "దిగుతూ ఉండగానా?" ఇలాగే నడుస్తుంది కాసేపు. మాటల మధ్య ఖాళీలే ఆ సీన్. అతను వచ్చి చెప్పేదేమిటంటే, పక్కగదిలో ఇద్దరు నిద్రలో కలవరించి లేచి దేవుణ్ణి తల్చుకున్నారు, ఒకడు "దేవుడు చల్లగా చూడాలి" అంటే ఇంకొకడు "ఆమెన్" అన్నాడు, నాకు మాత్రం ఆ ఆమెన్ గొంతులోనే ఇరుక్కుపోయింది అని. చంపొచ్చిన మనిషి, నాకు దేవుడి పేరు నోట్లోంచి రాలేదేం అని పెళ్లాన్ని అడుగుతున్నాడు, చిన్నపిల్లాడు అమ్మనడిగినట్టు. "నిద్రని చంపేశావు, ఇక నీకు నిద్ర లేదు" అని ఎవరో అరిచినట్టు వినిపించిందంటాడు. ఆవిడ "ఇలా ఆలోచిస్తే పిచ్చెక్కిపోతుంది" అంటుంది. ఎవరికి ఎక్కుతుందో మనకి తర్వాత తెలుస్తుంది.

అప్పుడు చూసుకుంటుంది, కత్తులు అక్కడ పెట్టి రావాల్సింది పోయి చేత్తో తెచ్చేశాడు. తిరిగి వెళ్లనంటాడు. ఆవిడే తీసుకెళ్లి, కావలివాళ్లకి నెత్తురు పూసి, ఎర్రటి చేతులతో వచ్చి, "కాసిని నీళ్లతో పోయేదానికి ఇంత గొడవా" అంటుంది. అతనేమో సముద్రాలన్నీ కలిపినా ఈ చెయ్యి శుభ్రం కాదు, ఈ చెయ్యే ఆ సముద్రాన్ని ఎర్రగా చేసేస్తుంది అంటాడు. ఇదే సీన్లో, అతను రాకముందు, ఆవిడ ఒక్కతే ఉన్నప్పుడు ఒక మాట అంటుంది, వినీ వినిపించనట్టు పోతుంది: "నిద్రలో ఆయన మొహం మా నాన్న మొహంలా లేకపోయి ఉంటే నేనే పని పూర్తి చేసేదాన్ని." మా రెండో ప్రదర్శనలో ఈ పాత్ర వేసినావిడ స్కూలు టీచరు, సాయంత్రం ఆరింటికి పరీక్ష పేపర్ల కట్ట చంకలో పెట్టుకుని రిహార్సల్‌కి వచ్చేది. ఒకరోజు ఆ లైన్ దగ్గర "నాన్న" అన్నాక ఒక్క క్షణం ఆగి, వేలితో కొంగు అంచు చుట్టుకుని, మళ్లీ వదిలేసి మామూలుగా చెప్పేసింది. నేను చెప్పింది కాదు, ఆవిడకే వచ్చింది. దాన్ని ఉంచేశాం. మూడో వరుస దాటి ఎవరికీ కనబడి ఉండదు, అయినా ఆవిడకి తర్వాత సీన్లన్నీ అక్కణ్ణుంచే దొరికాయి.

ఇక సింహాసనం వచ్చింది. మూడో అంకం రెండో సీన్ మొదలు చూడండి, చాలామంది దర్శకులు టైం సరిపోక కత్తిరించేది ఇక్కడే, మీరు మాత్రం ముట్టుకోకండి. రాణిగారు నౌకర్ని పిలిచి, రాజుగారికి తీరికున్నప్పుడు రెండు మాటలు మాట్లాడాలని చెప్పు అంటుంది. సొంత మొగుడితో మాట్లాడ్డానికి అపాయింట్‌మెంట్! మొన్నటిదాకా ఇంటికొచ్చేలోపే ఉత్తరం రాసినవాడు. అతను వచ్చేలోపు తనలో తను అనుకుంటుంది, అంతా ఖర్చయిపోయింది, చేతికేమీ రాలేదు, ఈ సుఖం కంటే ఆ చచ్చినవాడి పరిస్థితే నయం అని. అతను లోపలికి రాగానే మొహం మార్చేసి, "అయిపోయినదాని గురించి ఎందుకలా ఒంటరిగా కూర్చుని కుమిలిపోతారు" అని ఓదారుస్తుంది. అతనూ సరిగ్గా అదే అంటాడు, ఈ పీడకలల కంటే చచ్చినవాళ్లతో ఉండటమే మేలు అని. ఇద్దరి దుఃఖం ఒకటే. తన వంతు అతను చెప్పేశాడు, ఆవిడ మింగేసింది.

అతను దాచేది వేరే ఉంది. ఆ సీన్‌కి ముందే తన స్నేహితుడూ తోటి సేనానీ అయిన బాంకోని, అతని కొడుకు ఫ్లియాన్స్‌నీ చంపడానికి మనుషుల్ని మాట్లాడేశాడు. ఏం చేయబోతున్నారని ఆవిడ అడిగితే "నీకెందుకులే బంగారం, అయ్యాక మెచ్చుకుందువుగాని" అంటాడు. ప్రేమగానే అంటాడు, అదే భయంకరం. ఆవిడకి నెత్తురు అంటకూడదని కాపాడుతున్నాననుకుంటున్నాడు, నిజానికి గదిలోంచి బయటికి గెంటేశాడు.

ఇక్కడ మన తెలుగుకి సంబంధించిన సంగతి ఒకటి చెప్పాలి, మీకు పనికొస్తుంది. వాళ్లిద్దరూ ఒకరినొకరు ఏమని పిలుచుకోవాలి? మొదటిసారి మేము "నాథా" పెట్టాం, హాలంతా నవ్వు. పౌరాణికం వాసన కొట్టింది. "ఏమండీ" పెట్టి చూశాం, అది సీరియల్ అయిపోయింది. రెండోసారి నలుగురిలో "ప్రభూ, మీరు", ఏకాంతంలో ఇద్దరూ "నువ్వు" అని ఖాయం చేసుకున్నాం. హత్య రాత్రి దాకా నువ్వు, నువ్వు. అపాయింట్‌మెంట్ సీన్ నుంచి, గదిలో ఇంకెవరూ లేకపోయినా, ఆవిడ నోట "మీరు" వస్తుంది. అతను మాత్రం "నువ్వు" దగ్గరే ఉండిపోతాడు, మార్పు తెలియనట్టు. ఇది మేం కల్పించిందేమీ కాదు, విందు సీన్ చివర్లో ఇంగ్లీషులోనే ఆవిడ అతన్ని "సర్" అంటుంది. మాక్డఫ్‌కి కబురంపారా, సర్? అని. మాక్డఫ్ అంటే ఆ విందుకి రాని ఒక దొర. షేక్స్పియర్ అక్కడ వాడిన ఆ ఒక్క మాటకి మన భాషలో నువ్వు-మీరు ఉండటం అదృష్టం. వాడుకోండి.

విందు సంగతి మీకు తెలిసిందే. బాంకో దెయ్యమై వచ్చి కుర్చీలో కూర్చుంటాడు, రాజు వెర్రెత్తినట్టు అరుస్తాడు, ఆవిడ అతిథులకి సర్దిచెప్పి సర్దిచెప్పి ఆఖరికి అందర్నీ పంపించేస్తుంది. అందరూ వెళ్లాక ఇద్దరే మిగులుతారు. హత్య రాత్రి ఇలాగే భయపడితే తిట్టిన మనిషి ఇప్పుడు తిట్టదు. ఓపిక లేదు. నెత్తురులో ఇంత దూరం దిగాక వెనక్కి నడవడమూ ముందుకి నడవడమంత విసుగే అంటాడతను. మా అనువాదకుడు దీన్ని "నిండా మునిగినవాడికి చలేమిటి" చేశాడు. సామెత బ్రహ్మాండంగా అతికింది, ప్రేక్షకులకి తక్షణం అర్థమైంది, కానీ నాకు మనసొప్పలేదు. ఆ సామెతలో తెగింపు ఉంటుంది. ఇతని మాటలో ఉన్నది అలసట. చివరికి తీసేయించి, వాగు మధ్యలో నిలబడ్డవాడి మాటగా ఉన్నదున్నట్టు పెట్టాం. అతనితో ఆవిడ మాట్లాడే ఆఖరి మాట కూడా నిద్ర గురించే, మీకు కావలసింది నిద్ర అని. లేచి పడుకోవడానికి వెళ్తారు. ఇక వీళ్లిద్దర్నీ కలిపి మనం చూడం.

దీని తర్వాత అతని స్పీడు చూడండి. డంకన్ విషయంలో పంక్తి వదిలేసి బయట నిలబడి ధర్మాధర్మాలు తర్కించినవాడు, మాక్డఫ్ పారిపోయాడని తెలియగానే నాలుగు లైన్లలో అతని పెళ్లాం పిల్లల్ని చంపించేస్తాడు. ఇకనుంచి మనసులో పుట్టింది పుట్టినట్టు చేతికి వెళ్లిపోవాలంటాడు. మనసుకీ చేతికీ మధ్య ఇదివరకు భార్య ఉండేది, వాదన ఉండేది, ఆమెన్ ఉండేది. ఈ హత్యతో లాభం కూడా ఏమీ లేదు, కోటలో ఉన్నది ఒక ఆడమనిషి, పిల్లలు. వణుకు ఇక్కడ లేదు. మీ ప్రేక్షకులు "ఇక నేను రాను" అని ఆగిపోవాల్సింది ఇక్కడ. అంతకు ముందు ఆగిపోతే మీ పొరపాటు.

మాక్డఫ్‌కి ఆ కబురు చేరే సీన్ ఎంత టైం లేకపోయినా ఉంచండి. రాజకుమారుడు మాల్కం "మగాడిలా తట్టుకో" అంటాడు. "తట్టుకుంటాను, కానీ ముందు మగాడిలాగే దీనికి ఏడవాలి కూడా కదా" అంటాడతను. మొదటి అంకంలో మగతనం అనే మాటతో ఒక మనిషిని హంతకుణ్ణి చేశారు, అదే మాటని ఇక్కడ ఇంకొక మనిషి తిరిగి మనిషితనంలోకి తెస్తున్నాడు. మాక్బెత్ స్టేజీ మీద లేకుండానే అతను ఎంత దూరం పోయాడో మనకి తెలుస్తుంది.

నిద్రలో నడిచే సీన్ దగ్గర మీ అమ్మాయి ఏడుస్తోందని రాశారు. ఏడవనివ్వకండి. మా మొదటి ప్రదర్శనలో ఇక్కడ ఒక పద్యం కూడా పెట్టాం, హార్మోనియంతో సహా, తల్చుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. నిద్రలో ఉన్న మనిషి ఏడవదు, మాట్లాడుతుంది. పైగా అది పద్యం కాదు, వచనం. ఎప్పుడూ ఛందస్సులో మాట్లాడే రాణి నాటకంలోకి వచ్చింది ఒక వచనం ఉత్తరంతో, పోయేదీ వచనంలోనే. పరిచారిక వైద్యుడికి చెప్పేది వినండి: రాత్రుళ్లు లేచి, బీరువా తాళం తీసి, కాగితం తీసి, మడత పెట్టి, ఏదో రాసి, చదివి, సీలు వేసి మళ్లీ వెళ్లి పడుకుంటుంది, అంతా నిద్రలోనే. రాజు యుద్ధానికి వెళ్లినప్పట్నుంచీ ఇలా జరుగుతోందట. ఆ కాగితంలో ఏముందో నాటకం చెప్పదు. నేనైతే అది మొదటి ఉత్తరానికి జవాబనే అనుకుంటాను, మా టీచరమ్మకి కూడా అలాగే చెప్పాను. ఒకప్పుడు చీకటిని పిలిచిన మనిషి, ఇప్పుడు దీపం పక్కన లేకుండా ఉండదు.

ఆవిడ మాటలన్నీ పాతవే. గంట కొట్టింది, పని మొదలుపెట్టాలి. ఛీ, సైనికుడివై ఉండి భయమా. ఆ ముసలాయనలో ఇంత నెత్తురుందని ఎవరనుకున్నారు. చేతులు కడుక్కో, రాత్రి బట్టలు వేసుకో. తలుపు కొడుతున్నారు, రా, రా, చెయ్యి ఇలా ఇవ్వు. ఇవన్నీ ఎవరితో? మొగుడితో. అప్పుడు గద్దించిన మాటలే, ఇప్పుడు వినేవాడు లేడు. కాసిని నీళ్లతో పోతుందన్న నెత్తురు ఎన్ని నీళ్లకీ పోవట్లేదు, హత్య రాత్రి అతను పడ్డ భయమంతా ఈవిడ దగ్గరికి వచ్చేసింది, ఈవిడ ఎరువు తెచ్చుకున్న క్రౌర్యమంతా అతని దగ్గరికి పోయింది. "మీరు" అనే మాట ఇక్కడ లేదు, మేము మళ్లీ "నువ్వు"కి వచ్చేశాం.

ఆవిడ చనిపోయిందని చెప్పగానే మీవాడు కేక పెడుతున్నాడట, ఆపండి. అప్పటికే లోపల్నుంచి ఆడవాళ్ల ఏడుపు వినపడింది, భయం రుచేంటో మర్చిపోయానే అని ఆశ్చర్యపోయాడు అతను. తర్వాత వార్త. దానికి అతని మొదటి మాటని రెండు రకాలుగా చెప్పుకుంటారు: "ఎప్పటికైనా పోవలసిందే" అని ఒకటి, "ఇంకా కొన్నాళ్లాగి పోవలసింది, ఏడవడానికి టైం ఉండేది" అని ఒకటి. నేను రెండోది తీసుకున్నాను, ఎందుకంటే అందులో కొంచెం బాకీ కనబడుతుంది. ఆ తర్వాతది రేపు, మళ్లీ రేపు, మళ్లీ రేపు అంటూ బతుకంతా ఒక పిచ్చివాడు చెప్పిన కథలా, అర్థం లేని అరుపులా కనబడటం. ఏడుపు రావాలి, రాదు. ఏడుపు రాకపోవడం ఆడటం కష్టం, తెలుసు. మావాడికి నేను చెప్పింది ఒక్కటే, నీ బెల్టు బకిల్ పెట్టుకుంటూ చెప్పు అని. చెప్పాడు. బకిల్ పడలేదు. అలాగే వదిలేశాడు.

చివరి ఫైటు గురించి ఎక్కువ రాయను. మొదట్లో ఇతను తల తీసి గోడ మీద పెట్టాడు, చివర్లో మాక్డఫ్ ఇతని తల పట్టుకుని వస్తాడు. మధ్యలో, ఓడిపోతానని తెలిశాక కూడా కత్తి పట్టుకునే క్షణం ఒకటి ఉంది, పాత సైనికుడు ఒక్కసారి తిరిగొచ్చినట్టు. దాన్ని హీరోయిజం చేసేయకండి, అంతే.

మీ ప్రశ్న కింద ఇంకొకరు అడిగారు, విషాదమంటే పాత్ర ఎప్పుడూ కిందికే పోవాలా అని. అక్కర్లేదు. మన దగ్గరే భాసుడి ఊరుభంగం ఉంది, సంస్కృతంలో విషాదాంతాలు దాదాపు లేవనే చోట అదొకటి. తొడలు విరిగిన దుర్యోధనుడు చేతుల మీద ఈడ్చుకుంటూ వస్తాడు. మీసం మెలేసే దుర్యోధనుణ్ణి చూసి పెరిగిన మన ప్రేక్షకులకి అదే పెద్ద దెబ్బ. కొడుకు దుర్జయుడు వచ్చి ఒళ్లో కూర్చుంటానంటాడు. నిండుసభలో ద్రౌపదికి చూపించిన తొడ అది, ఇప్పుడు కన్నబిడ్డకి కూడా పనికిరాదు. అక్కణ్ణుంచి అతను పైకే పోతాడు, పగ తీరుస్తానన్న బలరాముణ్ణి ఆపుతాడు, నన్ను సేవించినట్టే పాండవుల్నీ సేవించమని కొడుక్కి చెప్తాడు, ఇంకో జన్మలోనూ నువ్వే అమ్మవి కావాలని గాంధారిని అడుగుతాడు. ఒకే అంకం, మాక్బెత్ ఐదు అంకాల్లో దిగిన మెట్లు ఇతను ఒక్క అంకంలో ఎక్కుతాడు. ఇక్కడా ఆ మార్పు మనకి తెలిసేది మాటల వల్లే, చచ్చిపోయే ముందు అందరితో మాట్లాడుకున్నాడు కాబట్టి. వచ్చే ఏడాది ఇది చేయండి, సెట్టింగ్ ఖర్చు కూడా తక్కువ.

మీకు ఇంకా టైం ఉంది కాబట్టి ఒక పని చెప్తాను. ఒక సాయంత్రం మిగతా అందరికీ సెలవిచ్చేసి, వాళ్లిద్దర్నే పిలవండి. ఐదు సీన్లూ వరసగా, మంత్రగత్తెలు లేకుండా, సైన్యం లేకుండా, ఆపకుండా చేయించండి, అరగంట లోపే అయిపోతుంది. వెంటనే నిద్రలో నడిచే సీన్ పెట్టండి, అతన్ని అక్కడే పక్కన స్టూలు మీద కూర్చోబెట్టి. మేం ఇలా చేసిన రోజు ఆవిడ గాల్లోకి చూస్తూ "రా, చెయ్యి ఇలా ఇవ్వు" అనగానే మావాడు తెలియకుండానే లేచి చెయ్యి చాపబోయాడు. కూర్చో, ఈ సీన్లో నువ్వు లేవు అన్నాను.